పాత రంగు గీకేదెవరు, దుమ్ము తినేదెవరు?

సంక్రాంతికి ముందు నెల రోజులు పల్నాడు ఊళ్లలో ఏ బజారున నడిచినా ఒకే చప్పుడు వినపడుతుంది. కిటికీ ఊచల మీద ఎమ్రీ పేపరు రుద్దే చప్పుడు. నరసరావుపేట, మాచర్ల, గురజాలల్లో పాత మిద్దెలు, పెంకుటిళ్లు కొత్త రంగు వేసుకునే రోజులవి. మేం చూసినంతలో ఆ రుద్దుడు పనికి వచ్చేది ఎక్కువగా మాలపల్లె, మాదిగపల్లెల కుర్రాళ్లే. మిరప కోతలు ఊపందుకోక ముందు దొరికే నాలుగు రోజుల పని అది. మూతికి తువ్వాలు చుట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా గీకుతారు. ఆ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటికొస్తారు. పిల్లాడు ఎదురొచ్చి ఆ భుజాన్నే ఎక్కుతాడు.

ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు అనేది ఈ వ్యాసం విషయం. భూమి, కూలి, దాడులు వదిలేసి రంగు డబ్బాల మీద పడ్డారేంటని ఒకరిద్దరు మిత్రులు మమ్మల్ని అడిగారు. ఇదీ కూలి విషయమే. ఇదీ దాడే. కాకపోతే రక్తం కనపడదు.

సీసాన్ని రంగుల్లో ఎందుకు కలిపారో ముందు చెప్పుకోవాలి. సీసం కలిస్తే రంగు తొందరగా ఆరుతుంది, నిగనిగలాడుతుంది, తడికీ ఎండకీ తట్టుకుంటుంది. మేస్త్రులు సఫేదా అని పిలిచే తెల్ల పొడి ఒకప్పుడు తెల్లసీసమే. తర్వాత దాని స్థానంలో జింకు, టైటానియం పొడులు వచ్చినా పేరు మాత్రం మిగిలింది. ఇనుము తుప్పు పట్టకుండా ముందు పూతగా వేసే నారింజ ఎరుపు పొడి సిందూరం, అదీ సీసమే. బంతిపువ్వు లాంటి పసుపుపచ్చ కావాలంటే లెడ్ క్రోమేట్ వాడతారు. దానికి నీలం కలిపితే ఆకుపచ్చ. కాబట్టి పాత ఎనామిల్ పెయింట్లలో పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్ని ముందుగా అనుమానించాలి.

ఇక్కడొక మాట తప్పకుండా చెప్పాలి, లేకపోతే పాత గోడ చూస్తేనే భయపడతారు. సున్నంలో సీసం లేదు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నం తరతరాలుగా మన గోడలకు వెల్ల అయింది. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఏమవుతాయన్నది వేరే కథ, దాన్ని మరోసారి రాస్తాం. గోడ మీద మాత్రం అది సీసం విషం కాదు. జాజు, ఎర్రమట్టి కూడా అంతే. ప్రమాదం నూనె రంగులతో. తలుపులు, కిటికీ రెక్కలు, ఊచలు, గేట్లు, ఇనప బీరువాలు, పాత మంచాలు, మెట్ల కమ్ములు. చెక్కా ఇనుమూ ఎక్కడుంటే అక్కడ చూసుకోవాలి.

మన ఇళ్లలో ఇంకో చోటు కూడా ఉంది. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టడం పాత ఆచారం. రోజూ రాసే ఓపిక లేక చాలా ఇళ్లలో గడపకి పసుపుపచ్చ ఎనామిల్ వేసి, దాని మీద ఎర్ర చుక్కలు పెట్టేశారు. పాకే పిల్ల చేతులు ఆనించేది, పళ్లొచ్చే పిల్లాడు నోరు పెట్టేది ఆ గడప మీదే. తొక్కీ తొక్కీ రంగు అరిగి పొడవుతుంది. మన వాడల్లో ప్రభుత్వం కట్టించిన కాలనీ ఇళ్లలోనూ ఇదే గడప. పాత రంగు అంటే అగ్రకులాల మండువా లోగిళ్ల సంగతే అనుకుంటే పొరపాటు.

ఇంతకీ ఎంత పాత ఇల్లు అయితే అనుమానించాలి? అమెరికాలో ఇళ్లకు సీసం రంగులు వాడకూడదని 1978లో నిషేధించారు. అక్కడ ఆ ఏటికి ముందు కట్టిన ఇల్లయితే జాగ్రత్త పడతారు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదనే నిబంధనలు 2016 నవంబరులో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంటే ఎండిన రంగు కిలోకి 90 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మనకు 'పాత ఇల్లు' అంటే తాతలనాటి మిద్దె కాదు. 2017కు ముందు ఎనామిల్ వేసిన ఏ ఇల్లయినా పాత ఇల్లే. ఆ నిబంధనలు ఇళ్ల రంగులకే గానీ ఫ్యాక్టరీల్లో, యంత్రాల మీద వాడే రంగులకు వర్తించవు. గేటు వెల్డింగు చేసే షాపువాడు ఏ డబ్బా చౌకగా దొరికితే ఆ డబ్బా తెచ్చి పూస్తే ఆపేవాళ్లెవరు?

సీసం చర్మం గుండా పెద్దగా ఎక్కదు. నోట్లోంచి, ముక్కులోంచి పోతుంది. మధ్యాహ్నం చెయ్యి సరిగా కడుక్కోకుండా అన్నం కలిపినప్పుడు, వేళ్ల మధ్య బీడీ పట్టుకున్నప్పుడు, ఖైనీ నలిపినప్పుడు పోతుంది. లోపలికెళ్లాక శరీరం దాన్ని కాల్షియం అనుకుని మోసపోతుంది. ఎముకల్లో దాస్తుంది. అక్కడ పదుల సంవత్సరాలు ఉంటుంది. ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముక కరిగితే, దాంతో పాటు సీసమూ కరిగి బిడ్డకు చేరుతుంది. పెళ్లికి ముందు రంగుల పనికెళ్లిన అమ్మాయి ఆ పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా ఆ బాకీ కడుతుందన్నమాట.

పెద్దవాళ్లలో అది కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, రక్తపోటు, కీళ్లనొప్పులుగా బయటపడుతుంది. బాగా ముదిరితే మణికట్టు వాలిపోతుంది, కుంచె పట్టుకోలేరు. ఇవన్నీ పేదవాడికి రోజూ ఉండే బాధలే కాబట్టి సీసం పేరు ఎవరూ ఎత్తరు. గ్యాస్ బిళ్ల ఇచ్చి పంపిస్తారు. పిల్లల్లో ఇంకా దారుణం. మింగిన సీసంలో పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పట్టగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది మెదడు ఎదిగే వయసు. చదువు ఎక్కకపోవడం, నిలకడ లేకపోవడం, మాట వినకపోవడం. బళ్లో పంతులు ఈ పిల్లాడికి బుర్ర లేదంటాడు, కొందరు అంతకుమించి కులం పేరు పెట్టి అంటారు. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటారు. రక్తం తక్కువున్న పిల్లలు ఏ వాడలో ఉంటారో చెప్పక్కర్లేదు.

లోకంలో పిల్లల్లో ముగ్గురిలో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. అందులో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే. అదంతా రంగుల వల్లనే కాదు. పాత బ్యాటరీలు కరిగించడం, కల్తీ మసాలాలు, కొన్ని రకాల పాత్రలు కూడా కారణాలే. పసుపులో మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేటు, గడప మీద ఎనామిల్లో ఉండే లెడ్ క్రోమేటు ఒకటే సరుకు. ఇంత ఉంటే పర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది.

ఇది కొత్త జ్ఞానం కాదు. చిత్రకారుల జబ్బుల గురించి ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పిల్లలకు సీసం వరండా కమ్ముల మీది రంగు నుంచి ఎక్కుతోందని డాక్టర్ గిబ్సన్ 1904లో పట్టుకున్నాడు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి పనికి తెల్లసీసం వాడకూడదని ఒప్పందం చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో డాక్టరు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల పట్టిక ఉండేది. అందులో మొట్టమొదటి పేరు సీసం విషమే. అయితే రంగులేసే కూలి ఫ్యాక్టరీలో లేడు. ఇంకొకరి ఇంట్లో ఉన్నాడు. కాబట్టి పట్టికలో జబ్బు ఉంది, రోగి లేడు.

పాత ఇళ్లు బాగుచేసే కాంట్రాక్టర్లకు శిక్షణ తప్పనిసరి చేసిన దేశం అమెరికా. 2008లో రూలు రాసి 2010 ఏప్రిల్ నుంచి అమలుచేశారు. 1978కి ముందు కట్టిన ఇంట్లో, చిన్నపిల్లలుండే బడుల్లో, గదిలో ఆరు చదరపు అడుగులకు మించి పాత రంగు కదిలిస్తే గుర్తింపు పొందిన సంస్థే ఆ పని చెయ్యాలి, శిక్షణ పొందిన మనిషి ఒకరైనా పని మీద ఉండాలి. శిక్షణ ఎంతసేపు? ఎనిమిది గంటలు. అందులో రెండు గంటలు చేత్తో చేసి చూపించాలి. ఒక్క రోజు పాఠం! పని మొదలెట్టక ముందే ఇంటివాళ్లకు ఒక చిన్న పుస్తకం ఇవ్వాలి. గదిలో నేల మీద ఆరడుగుల మేర ప్లాస్టిక్ పట్టా పరవాలి. రంగు మంటతో కాల్చకూడదు. పనయ్యాక నేలని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఒక తెల్ల కార్డుతో పోల్చి చూస్తారు. గుడ్డ మాసి ఉంటే మళ్లీ తుడవాల్సిందే.

ఆ రూలు వెనక ఒక చరిత్ర ఉంది. అక్కడ సీసం బారిన ఎక్కువగా పడింది పాత అద్దె ఇళ్లలో ఉండే నల్లజాతి పిల్లలు. 1990ల్లో బాల్టిమోర్‌లో ఒక పరిశోధన జరిగింది. ఇళ్లలో సీసాన్ని పూర్తిగా తీసెయ్యకుండా కొన్నింట్లో కొంత, కొన్నింట్లో ఇంకొంత బాగుచేసి, అందులో ఉన్న పేద పిల్లల రక్తం పరీక్షిస్తూ పోయారు. 2001లో మేరీలాండ్ రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని గట్టిగా తప్పుపట్టింది. మాలాంటి పరిశోధకులకు ఇది గుర్తుండాలి. వాడకొచ్చి పిల్లల రక్తం తీసుకుని, పట్టిక రాసుకుని, సెమినార్లో చదివి చేతులు దులుపుకుంటే మనమూ ఆ వరసలోకే వస్తాం.

ఇక మన దగ్గర. ఐటీఐల్లో పెయింటర్ కోర్సు ఉంది. పెద్ద రంగుల కంపెనీలు మేస్త్రులకు తమ సరుకు ఎలా వాడాలో నేర్పుతాయి. 1998లో హైదరాబాదులో మొదలైన జాతీయ నిర్మాణ అకాడమీ లాంటివి రంగులు వేయడంలో శిక్షణ ఇచ్చాయి. ఇవన్నీ కొత్త రంగు ఎలా వేయాలన్న చదువులు. పాత రంగు ఎలా తియ్యాలన్నది మాత్రం కుర్రాడు మేస్త్రిని చూసి నేర్చుకుంటాడు. మేస్త్రి తన మేస్త్రిని చూసి నేర్చుకున్నాడు. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చూపించింది ఇక్కడా కనపడుతుంది: కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుంది. కొత్త రంగు పూసేవాడు పెయింటర్. పాత రంగు గీకేవాడు కూలి. రాలిన దుమ్ము ఊడ్చేది కూలి ఆడమనిషి, అదీ ఎండు చీపురుతో. ముగ్గురిలో ఎక్కువ దుమ్ము తినేది తక్కువ డబ్బు తీసుకునే మనిషే.

అమెరికా పాఠం ఉన్నదున్నట్టు తెచ్చి మాచర్లలో చెప్తే నవ్వుతారు. సన్నటి దుమ్ముని పట్టే వడపోత ఉన్న వాక్యూమ్ యంత్రం ఇక్కడ ఏ మేస్త్రి దగ్గరుంది? కానీ పాఠంలో ముఖ్యమైన భాగానికి యంత్రం అక్కర్లేదు. మొదటిది, అవసరం లేకపోతే గీకొద్దు. పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే తడిపి పైపైన రుద్ది దాని మీదే కొత్త పూత వేస్తే సీసం లోపలే ఉండిపోతుంది. పొరలు లేచిన చోటే తియ్యాలి. తియ్యక తప్పకపోతే తడిపి తియ్యాలి. నీళ్ల డబ్బా పక్కన పెట్టుకుని, తడిలో వాడే నల్ల ఎమ్రీ పేపరుతో, తడి ఆరకుండా. దుమ్ము లేవదు, బురదలా జారి పట్టా మీద పడుతుంది. బ్లో లాంపు ఇంట్లోకి రానివ్వకూడదు, ఆ వేడికి సీసం పొగై లేస్తుంది. యంత్రంతో ఎండు రాపిడి అసలే వద్దు. కొన్ని పెయింట్ రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదిలో దాన్ని వాడితే మనిషే పోతాడు. మూతికి తువ్వాలు చాలదు. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కు కనీసం ఉండాలి, అదీ ముఖానికి అతుక్కుని.

నేల సంగతి దగ్గర మా ఆలోచన చాలాసేపు ఆగింది. సిమెంటు నేలని తడిగుడ్డతో తుడవొచ్చు. నాపరాళ్లు పరిచిన నేల నున్నగా ఉంటుంది గానీ రాళ్ల సందుల్లో దుమ్ము దాక్కుంటుంది, పట్టా లేకుండా అక్కడ పని మొదలెట్టకూడదు. పేడతో అలికిన మట్టినేలని తుడవడం కుదరదు. అలాంటి చోట తలుపునో రెక్కనో ఊడదీసి, పిల్లలు తిరగని చోట పట్టా మీద పెట్టి చెయ్యడమే దారి. తుడిచిన నీళ్లు కాల్వలో, బావి దగ్గర, పశువులు తాగే చోట పోయకూడదు. రాలిన పెచ్చులు పట్టాలోనే చుట్టి, సంచిలో మూటగట్టాలి.

పాత తలుపులు, కిటికీలు మార్చినప్పుడు ఇంకో ప్రమాదం. ఆ చెక్కని ఇంటివాళ్లు దయతలిచి కూలివాళ్లకు ఇస్తారు, పొయ్యిలోకి పనికొస్తుందని. అది నీళ్ల పొయ్యి కింద మండుతుంది. పొగలో సీసం, బూడిదలో సీసం. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు. ఊరి ఇంట్లోంచి వాడ ఇంట్లోకి విషం ఇంత మర్యాదగా, ఊరికే ఇచ్చిన వస్తువుగా వస్తుంది. రంగేసిన చెక్క మండించొద్దు అనే మాట ఈ శిక్షణలో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా చెప్పాలి.

అన్నిటికంటే ముందు చెయ్యి కడుక్కోవాలి. అన్నానికి ముందు, బీడీకి ముందు, ఇంటికెళ్లే ముందు సబ్బుతో. ఎంత తేలిక మాట! కానీ మేం చూసిన కొన్ని ఇళ్లలో గీకే కూలివాళ్లు నాలుగు గదులూ తిరగొచ్చు, పంపు ముట్టుకోకూడదు. దూరం నుంచి చెంబుతో రెండు చేతుల్లో నీళ్లు పోస్తారు. ఆ నీళ్లతో తాగడమో కడగడమో ఏదో ఒకటి. పల్నాడు పేరెత్తితే బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసు వీరత్వం చెప్పి గర్వపడతాం. ఆ పల్నాడులోనే సబ్బుతో చెయ్యి కడుక్కోవడం కులం సమస్య అవుతోంది. సీసం మీద పాఠం చెప్పే ఏ ఇంజనీరుకీ ఇది తట్టదు, అతని పుస్తకంలో నీళ్లు ఎప్పుడూ పంపులోంచే వస్తాయి.

మేస్త్రుల్ని తిట్టి లాభం లేదు. వాళ్లలో చాలామంది నిన్నటి కూలివాళ్లే. ఒక మేస్త్రి మాకు చెప్పిన లెక్క ఇది: ఇల్లంతా గుత్తకి ఒప్పుకుంటాడు. ఎండుగా గీకితే రెండు రోజులు పట్టేది తడిగా గీకితే మూడు రోజులు. ఆరబెట్టడానికి ఇంకో పూట. ఆ రోజున్నర కూలి అతని జేబులోంచే పోవాలి. పక్క మేస్త్రి ఎండుగానే గీకుతానని తక్కువకి ఒప్పుకుంటే ఇతనికి పనే పోతుంది. కాబట్టి గుత్త రేటు మారకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే అది గోడకి తగిలించే సర్టిఫికెట్టు అవుతుంది. ఒక ఊళ్లో మేస్త్రులంతా కలిసి ఒకే మాట మీద ఉంటేనే ఇది నిలబడుతుంది. సంఘం చెయ్యాల్సిన పని ఇదే.

చట్టం వైపు చూస్తే 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు సంక్షేమ బోర్డులో చేరేవారు. 2020 కార్మిక కోడ్లు ఆ చట్టాన్ని తమలో కలుపుకున్నాయి. రంగుల పని నిర్మాణ పనే. కానీ సీజన్లో నాలుగు వారాలు గీకి మిగతా ఏడాది మిరప తోటలో ఉండేవాడు 90 రోజులు ఎక్కడ చూపిస్తాడు? 1923 నష్టపరిహార చట్టం సీసం జబ్బుని పని వల్ల వచ్చే జబ్బుగా ఒప్పుకుంది. ఏ యజమాని దగ్గర వచ్చిందో రుజువు చెయ్యమంటే మాత్రం మన దగ్గర చీటీ ముక్క ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలోనే రాష్ట్రంలో 15 వేలకు పైగా బడుల్ని బాగుచేశారు. తలుపులు, కిటికీలు, బల్లలు మళ్లీ రంగు వేసుకున్నాయి. మంచి పనే. ఆ పాత బల్లలు గీకింది సెలవుల్లోనా, పిల్లలు ఉండగానా? దుమ్ము ఎవరు ఊడ్చారు? 2020లో పంచాయతీ ఆఫీసుల మీద పార్టీ రంగులు తీసెయ్యాలని హైకోర్టు, సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఏ రంగు ఉండాలన్న దాని మీద నెలల తరబడి చర్చ జరిగింది. గీకే మనిషి ప్రస్తావన ఎక్కడా రాలేదు. మీ బడికి మళ్లీ రంగుల పని వస్తే తల్లిదండ్రుల కమిటీలో ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

మేం అనుకుంటున్న శిక్షణ ఒక్క రోజుది. వాడలో కమ్యూనిటీ హాల్లోనే, ఒక పాత కిటికీ రెక్క తెచ్చిపెట్టుకుని. మేస్త్రితో పాటు గీకే కుర్రాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు కూడా రావాలి, ఆ రోజు కూలి వాళ్లకు ఇవ్వాలి. పద్దెనిమిది నిండని పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్లనీ ఈ పనికి తీసుకెళ్లకూడదని అక్కడే ఒప్పందం కావాలి. సాయంత్రం మేస్త్రులు ఇంటికి తీసుకెళ్లేది సర్టిఫికెట్టు కాదు, గుత్త చీటీలో రాయించుకోవాల్సిన నాలుగు వరసలు: పాత రంగు తడిపే తీస్తాం, దానికి పట్టే అదనపు రోజుల కూలి విడిగా. పట్టా, మాస్కులు, సబ్బు ఖర్చు ఇంటివారిది. చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పనివాళ్లందరినీ రానివ్వాలి. ఊడదీసిన రంగు చెక్క ఎవరికీ వంటచెరుకుగా ఇవ్వకూడదు.